సెయింట్ గాల్ మఠము

మఠమనగానే లోకమును విడిచి ఏకాంతమున జపతపములు సాగించు సన్న్యాసుల నివాసము మన తలంపునకు వచ్చును. కాని మధ్యయుగమున ఐరోపాఖండమునందలి క్రైస్తవ మఠములు ప్రార్థనా మందిరములు మాత్రమే కావు. ఆనాటి సమాజమునకు పాఠశాలయు, వైద్యశాలయు, సత్రమును, గ్రంథాలయమును మఠమే. గొప్ప భూస్వామియు మఠమే. ఈ రెండు స్వరూపములును ఒక్కచోట స్పష్టముగా గానవచ్చుటచే, నేటి స్విట్జర్లాండులోని సెయింట్ గాల్ మఠమును మేమిచ్చట ఉదాహరణముగా గ్రహించితిమి.

612 ప్రాంతమున, ఐర్లండు సన్న్యాసి కొలంబానస్‌కు సహచరుడైన గాలస్ అను తపస్వి అచ్చటి అడవిలో, ఒక సెలయేటి యొడ్డున కుటీరము నిర్మించుకొనెను. 719లో ఒట్మార్ ఆ స్థలమున మఠమును నెలకొల్పెను. 747లో బెనెడిక్ట్ నియమావళి అచ్చట అమలులోనికి వచ్చెను. దినమును ప్రార్థనకును, పఠనమునకును, శరీరశ్రమకును పంచియిచ్చుట ఆ నియమావళి విశేషము. చేతిపని దాసుల పాలిటిదని తలచెడి ప్రభువర్గముగల కాలమున, చదువరియు పార పట్టవలెననుట స్వల్పమైన మార్పు కాదు.

తొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున మఠాధిపతి గోజ్‌బర్ట్ కొఱకు గీయబడిన పటమొకటి నేటికిని అచ్చటి గ్రంథాలయమున భద్రముగా నున్నది. ఐదు చర్మపత్రములను కలిపి కుట్టి, వానిపై ఆదర్శమైన మఠమును చిత్రించిరి. ఆ పటమును యథాతథముగా నెన్నడును కట్టలేదు. అయినను మఠమెట్లుండవలెనని వారు కోరిరో దానివలన మనకు తెలియును. అందు లేఖకుల గదియు, దానిపై గ్రంథశాలయు గలవు. వైద్యుని యిల్లు, ఓషధుల తోట, రొట్టెలు కాల్చు శాల, కమ్మరుల, చెప్పులు కుట్టువారి పనిశాలలు గలవు. శ్మశానమునందే పండ్లచెట్లు నాటబడినవి. అతిథులందఱిని క్రీస్తునివలె ఆదరింపవలెనని నియమావళి విధించినది. పటమున మాత్రము ప్రభువులకొక విడిదియు, యాత్రికులకు, పేదలకు మఱియొకటియు వేఱుగా చూపబడినవి.

మఠము విద్యకు చేసిన సేవ గొప్పది. 1022లో మరణించిన నోట్కర్ అను గురువు, లాటిను గ్రంథములు తన శిష్యులకు బోధపడుటకై వానిని వారి మాతృభాషయగు జర్మనులోనికి అనువదించెను. ఆ కాలమున ఇది అపూర్వమైన సాహసము.

అయితే ఈ విద్యకు వ్యయమెవరు భరించిరి? పుస్తకమునకు తోళ్ళు కావలెను. తోళ్ళకు మందలు, మందలకు భూములు కావలెను. భక్తులు దానమిచ్చిన భూములతో మఠము విస్తరించెను. వానిపై రైతులు శిస్తులును, సేవలును చెల్లించుచుండిరి. కాలక్రమమున మఠాధిపతులు ప్రభువులతో సమానులైరి. పదునైదవ శతాబ్ది ప్రారంభమున అపెన్‌జెల్ ప్రాంతపు రైతులు మఠాధిపతి అధికారమును ధిక్కరించి, 1403లోను 1405లోను తమపైకి వచ్చిన సైన్యములను ఓడించిరి.

ఆ పోరాటములు జరిగిన కొలది యేండ్లకే, 1416లో, ఇటలీ పండితుడు పోజ్జో ఆ మఠమునకు వచ్చెను. రోమను వక్తృత్వాచార్యుడైన క్వింటీలియన్ గ్రంథపు సంపూర్ణ ప్రతి అచ్చట దుమ్ము పట్టి, అనాదరముతో పడియుండుట చూచెను. శతాబ్దులపాటు విద్యను కాపాడిన స్థలమే దానిని మఱచెను. ఐనను నాడు వ్రాసి దాచినందువలననే అది ఆయనకు దొరకెను.

మనము చెప్పుకొన్న పటము నిలుచుటయు ఇట్టిదే. పండ్రెండవ శతాబ్దిలో దాని వెనుకవైపున మార్టిన్ అను భక్తుని చరిత్ర వ్రాసి, పుస్తకమువలె మడిచిరి. ఆ చరిత్ర కొఱకు దాచగా పటము దక్కెను. 1805లో మఠము రద్దయ్యెను. గ్రంథాలయము మాత్రము నిలిచియున్నది. ఆ పుస్తకములను వ్రాసిన చేతులను స్మరించునపుడు, వానికి తోళ్ళను, ధాన్యమును సమకూర్చిన చేతులను గూడ స్మరించుట న్యాయము.