బాలాపూర్‌లో కుట్టు పాఠాలు

హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్‌లో రోహింగ్యా ముస్లిం కుటుంబాలు తలదాచుకుంటున్న సంగతి పాఠకులకు తెలిసిందే. మయన్మార్ (బర్మా)లో 1982 నాటి పౌరసత్వ చట్టం వారిని సొంత గడ్డపైనే పరాయివారిని చేసింది. 2012లో రఖైన్ రాష్ట్రంలో హింస చెలరేగాక ప్రాణాలు అరచేత పట్టుకొని బయల్దేరిన వారిలో కొందరు మన నగరం చేరారు. మగవారు కూలికి పోతారు, చిత్తు సామాను ఏరుతారు. పని దొరకని రోజు పొయ్యి వెలగడం కష్టమే. అందుకే స్వచ్ఛంద సంస్థలు అక్కడి స్త్రీలకు నేర్పుతూ వచ్చిన కుట్టుపని గురించి నాలుగు మాటలు చెప్పదలిచాము.

కుట్టు తరగతి అనగానే మనకు మిషను గుర్తొస్తుంది. అసలు కష్టం టేపు దగ్గర ఉంది. బడి ముఖం చూడని స్త్రీ ఛాతీ 36, పొడవు 14 అని ఎలా రాసుకుంటుంది? కాబట్టి మొదటి పాఠం అంకెలే. వారి భాష చిట్టగాంగ్ యాసకు దగ్గరిది. మెడ, చంక, చేయి, నడుము అన్న మాటలు ఇక్కడివారి నోట ఎలా పలుకుతాయో కూడా నేర్వాలి. ముందు కాగితం కత్తిరించాలి, తర్వాత పాత గుడ్డ, ఆ పైనే కొత్తది. లంగా తేలిక. లైనింగ్ జాకెట్టుకు వచ్చేసరికి కొత్త చేతికి చంక దగ్గర ముడతలు పడక మానవు. మజూరీ ఎక్కువ వచ్చేదీ దానికే మరి!

మదీనాకు వలస వచ్చిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దీవించి, బజారు దారి చూపమన్నారు. నెయ్యి, జున్ను అమ్మి నిలదొక్కుకున్నారు.

మన దగ్గర జరుగుతున్నదేమిటి? సర్టిఫికెట్ పంచే సభకు అతిథులు వస్తారు, ఫొటోలు దిగుతారు. మిషను మాత్రం తరగతి గదిలోనే ఉండిపోతే ఆ సర్టిఫికెట్ ఏం కుడుతుంది? 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారత్ సంతకం చేయలేదు. ఆధార్ లేనివారికి బ్యాంకు అప్పు అందని పండు. అద్దెకు దుకాణం దొరకడమూ కష్టమే. వారికి ఇల్లే దుకాణం. జకాత్ సొమ్ముతో మిషను కొనిచ్చేవారు కాలితో తొక్కేదే కొనాలి. గుడిసెలో కరెంటును నమ్ముకోలేము. టోకు పని ఇచ్చే దళారులతో దారం ఖర్చు ఎవరిదో, పాడైన గుడ్డ ఎవరి లెక్కో ముందే తేల్చుకోవడం కూడా తరగతిలోనే నేర్పాలి.

రంజాన్ సగం గడిచేసరికి దర్జీలు ఇక ఆర్డర్లు తీసుకోమంటారు. మీ పిల్లల రెండు జతల గుడ్డ ఈసారి ముందుగానే బాలాపూర్ పంపండి. కొలతకు ఒక పాత జత కూడా ఇవ్వడం మరవకండి.