గుంటూరు సర్కారు: ఎవరు ఎప్పుడు యుద్ధంలో దిగారు?

18వ శతాబ్దంలో మైసూరుకూ ఇంగ్లీషు కంపెనీకీ జరిగిన యుద్ధాల్లో మూడో పక్షం ఎప్పుడు దిగింది, ఎప్పుడు దూరంగా ఉండిపోయింది అన్నది గెలుపోటములను ఎంతో మార్చింది. హైదరాబాదు నిజాం విషయంలో ఆ నిర్ణయానికీ గుంటూరు సర్కారుకూ (సర్కారు అంటే అప్పటి పాలనా విభాగం) దగ్గరి సంబంధం ఉంది.

నేడు పత్తి, మిరప పండే ఈ నేలకు అప్పట్లో ముర్తజానగర్ సర్కారనే పేరూ ఉండేది. 1766 ఒప్పందంతో హైదరాబాదు నిజాం అలీ కోస్తాలోని ఉత్తర సర్కారులను కంపెనీకి ఇచ్చినా, గుంటూరు మాత్రం అతని తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంత కాలం అతని చేతిలోనే ఉండాలన్నారు. ఈ సర్కారుకు చెందిన మోటుపల్లి రేవు గుండా ఫ్రెంచివారికి సహాయం అందుతోందన్నది ఇంగ్లీషువారి బెంగ.

1779లో మద్రాసు గవర్నరు రంబోల్డ్ నిజాంను సంప్రదించకుండానే బసాలత్ జంగ్ నుంచి గుంటూరు తీసుకుని, దాన్ని ఆర్కాటు నవాబుకు కౌలుకిచ్చాడు. నిజాం మండిపడ్డాడు. మరాఠాలు, మైసూరు పాలకుడు హైదర్ అలీ, నిజాం కంపెనీకి వ్యతిరేకంగా ఒక కూటమి కట్టారు. అందులో నిజాం పని ఉత్తర సర్కారుల మీద పడటం.

1780 జులైలో హైదర్ కర్ణాటక (ఆర్కాటు నవాబు రాజ్యం) మీద విరుచుకుపడ్డాడు. గుంటూరు వైపు నుంచి వెనక్కి పిలిపించిన కర్నల్ బెయిలీ దళం సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర తుడిచిపెట్టుకుపోయింది. నిజాం కూడా కదిలి ఉంటే కంపెనీ రెండు వైపులా పోరాడాల్సి వచ్చేది. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ గుంటూరును బసాలత్ జంగ్‌కు తిరిగి ఇప్పించడంతో నిజాం యుద్ధానికి దూరంగా ఉండిపోయాడు.

హైదర్‌కు మిగిలిన ఆశ ఫ్రెంచి సహాయం. ఫ్రెంచి నౌకాధిపతి సఫ్రెన్ దళం 1782లో వచ్చింది. ఫ్రెంచి సేనాని బుస్సీ సేన కడలూరు ప్రాంతంలో దిగేసరికి 1783 మార్చి అయింది. అప్పటికే, 1782 డిసెంబరులో, హైదర్ చనిపోయాడు. 1783 జూన్‌లో ఐరోపాలో ఇంగ్లీషు, ఫ్రెంచివారి మధ్య సంధి కుదిరిందన్న కబురు రాగానే ఫ్రెంచివారు ఆయుధాలు దించారు. ఒంటరైన హైదర్ కొడుకు టిప్పు 1784 మంగుళూరు సంధితో యథాస్థితికి ఒప్పుకున్నాడు.

1788లో గుంటూరు కంపెనీ వశమైంది. ఈసారి నిజాంతో మాట్లాడుకుని తీసుకున్నారు. 1789 డిసెంబరులో టిప్పు తిరువాన్కూరు మీద దాడి చేశాక, 1790 జులైలో నిజాం ఇంగ్లీషువారితో చేయి కలిపాడు. అతని సేన యుద్ధంలో పెద్దగా రాణించలేదు. అయినా కొప్పళ, గండికోట, గుర్రంకొండ వైపు ఒత్తిడి పెరిగి, టిప్పు అన్ని దిక్కులా కాచుకోవాల్సి వచ్చింది. 1792 శ్రీరంగపట్నం సంధిలో అతను సగం రాజ్యాన్ని, 3 కోట్ల 30 లక్షల రూపాయలను వదులుకున్నాడు. కడప ప్రాంతం నిజాంకు దక్కింది.

ఆలస్యంగా దిగినవారి బలం పనికి రావాలంటే ముందు నుంచి పోరాడుతున్న మిత్రుడు ఇంకా నిలబడి ఉండాలి. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగేనాటికి బ్రిటన్, ఫ్రాన్సు అలసిపోయినా కూలిపోలేదు. బుస్సీ మాత్రం మిత్రుడు పోయాక, సంధి ముంగిట వచ్చాడు. నిజాం సమయానికే దిగి లాభపడ్డాడు. కానీ ఆ లాభం కంపెనీ స్నేహం మీద ఆధారపడినది. తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800లో కడపతో సహా, తర్వాత దత్త మండలాలుగా పేరుపడిన ప్రాంతాలను అతను కంపెనీకే అప్పగించాడు.