కొత్త ఫోన్ మనల్ని ఎలా గుర్తుపడుతుంది?

మీ ఇంటి తాళంచెవి ఎక్కడో పోయిందనుకోండి. ఇల్లు పోయినట్టా? కాదు గదా! ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. ఆ ఇల్లు మీదేనని వాడకట్టులో నలుగురూ చెబుతారు. తాళం పగలగొట్టి కొత్తది వేసుకుంటారు. మరి ఫోన్ పోతే? అందులో మనం చూసుకునే డబ్బు, ఉత్తరాలు, ఫోటోలు ఎక్కడ ఉన్నట్టు? కొత్త ఫోన్ చేతిలో పట్టుకుని "నేనే ఆ మనిషిని" అంటే నమ్మేదెవరు? మన తరఫున సాక్ష్యం చెప్పేదెవరు?

ఈ ప్రశ్న నాకు ఒక విద్యార్థిని వల్ల వచ్చింది. వాళ్లది చేవెళ్ల దగ్గర పల్లె. తండ్రి బంతిపూలు పండిస్తాడు. బతుకమ్మ పండుగ ముందు గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలు అమ్మి, మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కాడు. మొయినాబాద్ దాకా ఫోన్ జేబులోనే ఉంది. మర్రిచెట్ల రోడ్డు దాటి చేవెళ్లలో దిగి చూసుకుంటే లేదు. మర్నాడు ఆ అమ్మాయి ఏడుపు ముఖంతో వచ్చి అడిగింది: "పూల పైసలన్నీ ఫోన్లనే పడ్డయి సార్. ఇగ అవి పోయినట్టేనా?"

డబ్బు ఎక్కడ ఉంది?

ఫోన్‌లో డబ్బు లేదు. ఫోన్‌లో కనబడే అంకె, బ్యాంకు కంప్యూటర్‌లో ఉన్న లెక్కకు అద్దం వంటిది. అద్దం పగిలితే ముఖం పగలదు. ఖాతా అంటే ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్‌లో మన పేర రాసి ఉన్న ఒక పుట. ఫోన్ ఆ పుటను తెరిచే తాళంచెవి మాత్రమే.

అయితే చిక్కల్లా ఇక్కడే ఉంది. ఆ కంప్యూటర్ మన ముఖం ఎన్నడూ చూడలేదు. అది మనిషిని ఎరగదు, సాక్ష్యాలను మాత్రమే ఎరుగుతుంది. ఆ సాక్ష్యాలు మూడు రకాలు. మనకు తెలిసినది: సంకేతపదం, రహస్య అంకెలు. మన దగ్గర ఉన్నది: సిమ్ కార్డు, ఫోన్. మన ఒంటి మీద ఉన్నది: వేలిముద్ర, ముఖం.

"వేలు నాదే గదా, కొత్త ఫోన్ మీద వేలు పెడితే తెరుచుకోదా?" అని మీరు అడగవచ్చు. తెరుచుకోదు. ఫోన్‌కు చూపిన వేలిముద్ర గుర్తులు ఆ ఫోన్‌లోనే ఒక భద్రమైన మూలలో ఉంటాయి, బయటికి పోవు. పాత ఫోన్‌తోపాటు ఆ సాక్షి కూడా పోయింది. ఆధార్ కోసం ఇచ్చిన వేలిముద్ర సంగతి వేరు. అది ఆధార్ సంస్థ దగ్గర ఉంటుంది. కాబట్టి సిమ్ ఇచ్చే దుకాణంలో ఆధార్ ద్వారా వేలిముద్ర సరిచూసి, మనం ఎవరమో తేల్చగలరు. ఫోన్ పోయినవాడు తిరిగి ఎక్కే నిచ్చెనకు మొదటి మెట్టు అదే.

సిమ్ కార్డులో ఏముంది?

మొదటి సిమ్ కార్డును 1991లో జర్మనీలోని గీసెకె అండ్ డెవ్రియంట్ కంపెనీ, ఫిన్లాండ్ దేశపు రేడియోలింజా అనే ఫోన్ కంపెనీ కోసం తయారుచేసింది. గోరంత ముక్కలో అసలు సరుకు ఒక రహస్య సంఖ్య. అది రెండుచోట్లే ఉంటుంది. ఒకటి సిమ్‌లో, రెండోది ఫోన్ కంపెనీ కంప్యూటర్‌లో. ఫోన్ ఆన్ చేయగానే కంపెనీ ఆ రహస్యాన్ని చెప్పమని అడగదు. చెబితే గాలిలో ఎవరైనా వినవచ్చు గదా! అందుకు బదులు తోచిన సంఖ్య ఒకటి పంపుతుంది. సిమ్ ఆ సంఖ్యను తన రహస్యంతో కలిపి ఒక లెక్క చేసి, జవాబు మాత్రం పంపుతుంది. కంపెనీ కూడా అదే లెక్క చేస్తుంది. రెండు జవాబులూ సరిపోతే "నువ్వు మా సిమ్‌వే" అని ఒప్పుకుంటుంది. రహస్యం గడప దాటలేదు, పరీక్ష మాత్రం పూర్తయింది.

మీరే చేసి చూడండి

ముగ్గురు కూర్చోండి. ఇద్దరు చెవిలో చెప్పుకుని 37 అనే రహస్య సంఖ్యను ఎన్నుకోండి. మూడోవాడు దొంగ, వాడికి పద్ధతి తెలుసు, రహస్యం తెలియదు. మొదటివాడు పైకి "52" అంటాడు. రెండోవాడు 37ను 52తో హెచ్చిస్తే 1924 వస్తుంది. చివరి రెండంకెలు "24" అని పైకి చెబుతాడు.

దొంగ ఏం చేస్తాడు? 0 నుంచి 99 దాకా ప్రతి సంఖ్యనూ 52తో హెచ్చించి చూస్తాడు. 24తో ముగిసేవి 12, 37, 62, 87 అనే నాలుగింటికే! ఇప్పుడు మొదటివాడు "21" అంటాడు. జవాబు 777 కాబట్టి "77" అని వస్తుంది. మిగతా మూడూ 52, 02, 27 ఇస్తాయి. కనుక రహస్యం 37 అని దొంగకు తెలిసిపోయింది.

మన ఆటలో దొంగ ఎందుకు గెలిచాడు? రహస్యం చిన్నది, లెక్క తేలికది. సిమ్‌లోని రహస్యం 128 ద్విసంఖ్యాంకాలది. అటువంటి సంఖ్యలు ఎన్ని ఉన్నాయో రాయాలంటే 39 అంకెలు కావాలి. ఒక్కొక్కటీ వేసి చూడడం జరిగే పని కాదు. పైగా అసలు లెక్క హెచ్చవేత కాదు. పప్పు, చింతపండు, ఉప్పు కలిపి రుబ్బిన తరువాత మళ్లీ వేరుచేయలేనట్టు, జవాబు నుంచి వెనక్కు నడవలేని కలగలుపు లెక్క అది.

నంబరు ఎలా తిరిగి వస్తుంది?

మన ఫోన్ నంబరు సిమ్‌కు పుట్టుకతో వచ్చింది కాదు. ఈ నంబరుకు ఈ సిమ్ అని కంపెనీ ఖాతాపుస్తకంలో రాసుకుంటుంది. నకలు సిమ్ ఇచ్చినప్పుడు ఆ వరుస కొట్టివేసి కొత్త సిమ్‌ను రాస్తుంది. ఆ క్షణాన పాత సిమ్ చచ్చిపోతుంది. ఇది చాలా ముఖ్యం. ఫోన్‌కు తాళం ఉన్నా, దొంగ సిమ్ తీసి వేరే ఫోన్‌లో పెడితే మనకు రావలసిన ఆరంకెల ఓటీపీ వాడికి వస్తుంది. మనం లోపలికి వెళ్లే తలుపే వాడికీ తలుపు. కాబట్టి మొట్టమొదట ఎవరి ఫోన్ నుంచైనా కంపెనీకి చెప్పి సిమ్‌ను ఆపించాలి. బ్యాంకుకూ చెప్పాలి. అప్పటికే డబ్బు పోయి ఉంటే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి.

మా పూలరైతుకు ఇక్కడే చిక్కు వచ్చింది. ఆ నంబరు ఆయన తమ్ముడి పేర తీసుకున్నది! తమ్ముడు పనికోసం పటాన్‌చెరులో ఉన్నాడు. ఆయన వచ్చి వేలుపెట్టే దాకా సిమ్ రాలేదు. రెండు రోజులు పోయాయి.

సిమ్ వచ్చింది, మాటలు వినిపిస్తున్నాయి, ఓటీపీ మాత్రం రాదు. "సిమ్ ఖరాబైంది సార్" అంది అమ్మాయి. సిమ్ బాగానే ఉంది. మోసగాళ్లు ఇతరుల పేర నకలు సిమ్‌లు తీసి ఖాతాలు దోచుకోవడం వల్ల, నకలు సిమ్ పనిచేయడం మొదలైనాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు రాకుండా, పోకుండా చూడాలని టెలికాం శాఖ 2022లో ఆదేశించింది. అసలు యజమానికి తెలిసి అరిచేందుకు ఆ ఒక్కరోజు గడువు.

2016లో వచ్చిన యూపీఐ కూడా దీనికోసమే ఆగుతుంది. కొత్త ఫోన్‌లో దాన్ని తెరిచినప్పుడు, ఫోన్ తానే ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. అది ఏ నంబరు నుంచి వచ్చిందో చూసి, ఈ సిమ్, ఈ ఫోన్, ఈ ఖాతా అని మూడింటికీ ముడివేస్తారు. ఆ ముడి పాత ఫోన్‌తో పోతుంది కాబట్టి మళ్లీ వేసుకోవాలి.

మూడో రోజు కొత్త సిమ్‌కు ఒక ఫోన్ వచ్చింది. "మీ ఫోన్ దొరికింది. ఇప్పుడు ఆరంకెలు వస్తాయి, చెప్పండి, తెచ్చిస్తాం" అన్నాడు అవతలివాడు. తండ్రి సంతోషంతో చెప్పబోయాడు. అమ్మాయి ఫోన్ లాక్కుని పెట్టేసింది. ఆలోచించండి: ఫోన్ తిరిగి ఇచ్చేవాడికి మన అంకెలతో పనేమిటి? ఆరంకెలతో పది లక్షల సంఖ్యలు ఏర్పడతాయి. మూడుసార్లే ప్రయత్నించనిస్తే ఊహించి గెలిచే అవకాశం పది లక్షల్లో మూడు. అందుకే దొంగ ఊహించడు, అడుగుతాడు.

పోయిన ఫోన్ సంగతి

ప్రతి ఫోన్‌కూ ఐఎంఈఐ అనే 15 అంకెల సంఖ్య ఉంటుంది. సిమ్ మార్చినా అది మారదు. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే కనబడుతుంది; డబ్బా మీదా ఉంటుంది. పోలీసు ఫిర్యాదు నకలుతో, ఈ సంఖ్యతో కేంద్ర ప్రభుత్వపు సీఈఐఆర్ అనే పట్టికలో నమోదు చేస్తే ఆ ఫోన్ దేశంలో ఏ కంపెనీ సిమ్‌తోనూ పనిచేయదు. తెలంగాణ పోలీసులు 2023 ఏప్రిల్‌లో దీన్ని వాడడం మొదలుపెట్టారు. మరుసటి నెలలో సంచార్ సాథీ పేర దేశమంతటికీ అందుబాటులోకి వచ్చింది.

తిరిగి రానిది

నాలుగో రోజున పూల డబ్బు కనబడింది. పైసా పోలేదు. కాని అమ్మాయి ముఖం వికసించలేదు. అంతకు ముందు ఏడు చనిపోయిన నానమ్మ పాడి పంపిన బతుకమ్మ పాటలు ఆ ఫోన్‌లో ఉన్నాయి. వాట్సాప్ నంబరు ఆరంకెలతో తెరుచుకుంది, పాటలు లేవు. వాట్సాప్ సందేశాలు చేరవలసిన ఫోన్‌కు చేరాక కంపెనీ దగ్గర ఉండవు. విడిగా నకలు దాచి ఉంటేనే తిరిగి వస్తాయి. వీళ్లు దాచలేదు.

చూశారా, రెండూ ఫోన్‌లోనే కనబడేవి. కాని ఒకటి ఫోన్ బయట ఉన్నది, ఒకటి ఫోన్‌లోనే ఉన్నది. మొదటిదానికి సాక్ష్యం చాలు. రెండోదానికి ఎంత సాక్ష్యమూ చాలదు, నకలు కావాలి. చివరికి నానమ్మ ఆ పాటలనే మేనత్తకూ పంపి ఉండడంతో రెండు పాటలు దొరికాయి. తక్కినవి లేవు.

ఈ ఆదివారం మీరు ఇంట్లో చేయవలసిన పని ఇది. ఫోన్ ఐఎంఈఐ సంఖ్యను నోట్‌బుక్కులో రాసి పెట్టండి. ఏ నంబరు ఎవరి పేర ఉందో అడగండి. గూగుల్ ఖాతాకు రెండంచెల రక్షణ పెట్టుకుంటే అది పది అత్యవసర సంకేతాలు ఇస్తుంది. ఒక్కొక్కటీ ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి, పట్టాదారు పాసుపుస్తకం ఉన్న పెట్టెలో దాచండి. ఫోన్‌లో మాత్రం దాచకండి! ఆ తరువాత పెద్దవాళ్ల గొంతులు, ఫోటోలు మరొకచోట నకలు తీయండి. ఆ పని ముందు చేసినా నష్టం లేదు.