టర్బో మోటారుబండికి చలువ: మొదట దేనికి ఖర్చు చేయవలెను?

పాలు, కూరగాయలు పట్టణమునకు చేర్చుటకును, కుటుంబ ప్రయాణములకును టర్బో గల కార్లను, జీపులను కొనిన రైతులు నేడు పల్లెలలో పలువురు గలరు. అందు పెక్కు పాతబండ్లు. కొన్ని అప్పుమీద కొన్నవి. ఇంజను ఒక్కసారి మితిమీరి కాగినచో సిలిండరు హెడ్డు వంగి, గాస్కెట్టు చెడి, పంటసొమ్ము మరమ్మతు పాలగును. కావున చేతనున్న కొద్దిపాటి ధనమును ఏ వరుసను వెచ్చింపవలెనో తెలిసికొనుట లాభకరము.

వేడి ఎచ్చటనుండి వచ్చును?

ఇంజనులో కాలిన డీజిలు వేడిలో సుమారు మూడవవంతు మాత్రమే బండిని నడుపును. తక్కినది పొగగొట్టము ద్వారమునను, రేడియేటరు ద్వారమునను వెలికి పోవలెను. టర్బోలో ఒక ఇరుసునకు రెండు చక్రములుండును. వెలికిపోవు పొగ ఒకదానిని త్రిప్పగా, రెండవది గాలిని నొక్కి ఇంజనులోనికి పంపును. నొక్కిన గాలి వేడెక్కును. సైకిలు పంపు అడుగున కాగుట అందఱు ఎఱిగినదే. ఆ గాలిని చల్లార్చునది ఇంటర్‌కూలరు. ఇరుసును కాపాడునది ఇంజను నూనె. కాన ఈ బండికి చలువ మూడు త్రోవల లభించును: నీరు, గాలి, నూనె.

రోగ నిర్ణయము

రహదారిమీద హాయిగా వచ్చిన బండి, నాంపల్లి స్టేషను నుండి ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసు చేరులోపల కాగుట కలదు. దూరము కొద్దియే, కారణమేమి? రహదారిమీద బండి వేగమే రేడియేటరులోనికి గాలిని నెట్టును. ట్రూప్ బజారులోని రాష్ట్ర సహకార అపెక్స్ బ్యాంకునకు పనిమీద వచ్చువారైనను, 1938లో ఆరంభమై ఏటేట జనవరిలో నాంపల్లియందు జరుగు నుమాయిష్ చూడవచ్చువారైనను, ఆ వీథుల రద్దీలో నడక వేగముననే సాగవలసియుండును. అప్పుడు గాలినిచ్చునది ఫ్యాను ఒక్కటియే. కావున నగరములో కాగి రహదారిమీద చల్లబడు బండికి మొదట ఫ్యానును పరీక్షింపవలెను.

బరువుతో మిట్ట ఎక్కునపుడు కాగినచో రేడియేటరు పూడిక, నీటిపంపు, థర్మోస్టాటు వీనిని అనుమానింపవలెను. వేడిముల్లు సరిగానుండి, బలము తగ్గి నల్లపొగ వచ్చినచో ఇంటర్‌కూలరు గొట్టములలో గాలి కారుచున్నదేమో చూడవలెను. కారుట కానరాకయే నీరు తఱుగుచు, సీసాలో బుడగలు వచ్చుచున్నచో గాస్కెట్టు చెడియుండవచ్చును. అట్టి బండికి క్రొత్త రేడియేటరు వేయించుట వృథా.

ఖర్చు వరుస

1. శుభ్రత: రేడియేటరు, ఇంటర్‌కూలరు రేకుల నడుమ దుమ్ము, పొట్టు, పురుగులు చేరును. ఇంజను చల్లారిన పిదప, లోపలివైపునుండి వెలుపలికి మెల్లని నీటిధారతో కడుగవలెను. ధార బలమైనచో రేకులు వంగును. దీనికి ఖర్చు లేదు.

2. కూలెంటు, మూత, గొట్టములు, బెల్టు: బోరునీటిలోని సున్నము లోపల పొరగట్టి వేడిని పోనీయదు. బండి తయారుదారు చెప్పిన కూలెంటును, చెప్పిన పాళ్లలో, బట్టీపట్టిన నీటితోనే కలుపవలెను. మూత స్వల్పముగా తోచును గాని దాని పని గొప్పది. నీరు 100 డిగ్రీలకు మరగును. మూత ఒక వాతావరణపు ఒత్తిడిని అదనముగా నిలిపినచో సుమారు 120 డిగ్రీల వఱకు మరగదు. మూత వదులైనచో ఆ 20 డిగ్రీల రక్షణ పోవును.

3. ఫ్యాను, దాని చుట్టుతొడుగు, థర్మోస్టాటు: థర్మోస్టాటును తీసివేసిన బండి చల్లగానుండునను మాట నమ్మదగదు. ఇంజను తగిన వేడికి రాక ఇంధనము ఎక్కువ తినును. కొన్ని ఇంజనులలో నీరు రేడియేటరునకు పోక ప్రక్కదారి పట్టి మఱింత కాగును. చెడినదానిని మార్చవలెనే గాని తీసివేయరాదు.

4. నూనె: చెప్పిన రకమును, చెప్పిన గడువున మార్చవలెను. దూరము వేగముగా వచ్చిన పిదప ఒకటి రెండు నిమిషములు ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చి ఆపినచో, టర్బో ఇరుసులో నూనె మాడి బొగ్గుగాదు.

5. రేడియేటరు మార్పు: పై పనులన్నియు చేసినను కాగుచున్నపుడే.

6. పెద్ద ఇంటర్‌కూలరు, ప్రత్యేకపు నూనె కూలరు: ఇంజను బలమును పెంచని బండికి సామాన్యముగా ఇవి అక్కఱలేదు. రేడియేటరు ముందు దళసరి ఇంటర్‌కూలరు నిలిపినచో దానికి పోవు గాలియే తగ్గును.

జాగ్రత్తలు

ముల్లు పైకి పోవునపుడు ఏ.సీ. కట్టివేసి, హీటరును పూర్తిగా తెఱవవలెను. అదియు చిన్న రేడియేటరు వంటిదే. ముల్లు ఎఱ్ఱగీత చేరినచో ప్రక్కకు తీసి ఇంజనును వెంటనే ఆపవలెను. వేడిమీద మూతను ఎన్నడును విప్పరాదు; మరగునీరు ఎగసి మొగము కాల్చును. పాత కూలెంటును గొట్టముదగ్గఱ పాఱబోయరాదు. తియ్యగా నుండుటచే పశువులు, కుక్కలు త్రాగును. అందలి గ్లైకాలు ప్రాణాంతకము.

ఒకే రకపు బండ్లు గల సభ్యులు కూలెంటును, నూనెను సంఘము ద్వారమున పెద్ద డబ్బాలలో కలిసి కొనుట మేలు. ఏ తేదిన ఏమి మార్చినది ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనినచో, మిస్త్రీ చెప్పిన ప్రతి ఖర్చునకు తల యూపవలసిన అగత్యముండదు.