గడువు వేరు, సంకల్పము వేరు

ఏప్రిల్ 14వ తేదీ అర్ధరాత్రి దాటినంతనే వజ్రపుకొత్తూరు మొదలుకొని తూర్పు తీరమంతటను మరపడవల వేట నిలిచిపోవును. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే జూన్ 14 వరకు, 61 దినములు, ఈ నిషేధము అమలునందుండును. చేప పడినను పడకున్నను ఆ రాత్రికి పడవ ఒడ్డు చేరవలసినదే. మన బ్రతిమాలుటతో జరుగని ఇట్టి తేదీనే మేము గడువు అనుచున్నాము.

కొన్ని గడువులకు తేదీయే యుండదు. ఉద్దానపు తోటలలో రాలిన జీడిపిక్కను వాన పడకముందే ఏరి ఎండబెట్టవలెను. ఇచ్చట గడువు పెట్టునది మబ్బు.

ఇక పడవ యజమాని, "మే 20న వల బాగుచేయ మొదలిడుదును" అని తలచెననుకొందము. ఆనాడు ఇంట శుభకార్యము వచ్చి పని రెండు దినములు జరిగినచో మునిగిపోయినదేమియు లేదు. ఇది సంకల్పము.

నేడు అనేకులు తమ పనులను చేతిఫోనులలో వ్రాసికొనుచున్నారు. ఉన్న ఒక్క తేదీ గడిలోనే గడువును, సంకల్పమును కలిపి వ్రాయుటచే చిక్కు వచ్చుచున్నది. తేదీ దాటిన పనులన్నియు ఎఱ్ఱబారును. అందు సగము ఉత్త కోరికలే. "నాన్నా పులి" అని ఊరక కేకవేసిన పిల్లవాని కథవలె, నిజమైన గడువు వచ్చిననాడు ఆ ఎఱుపును మనము లక్ష్యపెట్టము.

ఈ భేదమును చక్కగా పాటించిన సాఫ్ట్‌వేరులలో ఆర్గ్‌మోడ్ ఒకటి. ఖగోళ శాస్త్రజ్ఞుడగు కార్స్టెన్ డొమినిక్ దానిని 2003లో ప్రారంభించెను. అందు పని మొదలిడు దినమునకు "షెడ్యూల్డ్" అనియు, ముగియవలసిన దినమునకు "డెడ్‌లైన్" అనియు వేర్వేరు గుర్తులు కలవు. గడువును గూర్చి, మనము మార్చుకొననిచో, 14 దినముల ముందు హెచ్చరించును.

మన పడవ లెక్క చూతము. వల పనికి 20 దినములు పట్టుననుకొందము. జూన్ 14 నాటికి వల సిద్ధము కావలెనన్న, మే 25న మొదలిడక తప్పదు. 14 దినముల హెచ్చరికయో, మే 31న వచ్చును, అప్పటికే ఆలస్యము. కావున హెచ్చరిక కాలము పనినిబట్టి పెంచుకొనవలెను. మే 20 అను సంకల్పము వలన ఐదు దినములు చేతిలో మిగులును. శుభకార్యమునకు రెండు పోయినను భయము లేకుండుట అందుచేతనే.

తేదీ వ్రాయుటకు ముందు మనలను మనము ఒక ప్రశ్న అడుగవలెను: "ఇది తప్పినచో తలుపు మూయువారెవరు?" సముద్రము, ప్రభుత్వము, పరీక్షాధికారి యైనచో అది గడువు. మన మనస్సు మాత్రమే నొచ్చుకొనునదైనచో అది సంకల్పము. అంతమాత్రమున సంకల్పము తక్కువది కాదు. గడువునాటికి పడవను నీటిపై నిలుపునది అదియే.