ఖుంబూకు మళ్లీ మళ్లీ: షేర్పాల నేలపై హిల్లరీ సేవ

పరాయి దేశంలోని ఒక సమాజానికి సేవ చేయడానికి ఒకసారి వెళ్లి రావడం వేరు, అదే సమాజానికి ఏళ్ల తరబడి తిరిగి వెళ్లడం వేరు. ఒక్కసారి వెళ్లినవారికి అక్కడి లోటుపాట్లు పైపైన మాత్రమే తెలిస్తే, తిరిగి వెళ్లినవారు తాము చేసిన పని ఎవరికి మేలు చేసిందో, ఎక్కడ కొత్త చిక్కు తెచ్చిపెట్టిందో కళ్లారా చూసి, దానికి జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. నేపాల్‌లో ఎవరెస్టు దక్షిణ పాదంలో షేర్పాలు నివసించే ఖుంబూ ప్రాంతానికీ న్యూజిలాండ్ పర్వతారోహకుడు ఎడ్మండ్ హిల్లరీకీ మధ్య ఏర్పడిన అనుబంధం ఈ విషయాన్ని స్పష్టంగా చూపుతుంది.

1953 మే 29న షేర్పా తెన్జింగ్ నోర్గేతో కలిసి ఎవరెస్టు శిఖరాన్ని చేరిన హిల్లరీ, తన బరువులు మోసి, ప్రాణాలకు తెగించి తోడు నిలిచిన ఆ ప్రజలకు ఏం చేయగలనని 1960లో వారినే అడిగారు. తమ పిల్లలకు బడి కావాలని వారు కోరారు. ఆ ఏడాదే ఆయన సేవాసంస్థ హిమాలయన్ ట్రస్టుకు పునాది పడగా, మరుసటి ఏడాది ఖుమ్‌జుంగ్ గ్రామంలో అల్యూమినియం రేకులతో నిర్మించిన చిన్న బడి మొదలైంది. అది చూసి చుట్టుపక్కల గ్రామాలవారు కూడా తమకూ బడి కావాలని అర్జీలు పెట్టుకున్నారు. ఏ పని చేపట్టాలో ఊరివారే చెప్పడం, దాతలు దానికి తగినట్టు నడుచుకోవడం అన్న ఈ పద్ధతే తరువాతి పనులన్నిటికీ బలమైంది.

1966లో ఖుందే గ్రామంలో వెలసిన ఆసుపత్రి కథ మరింత లోతైనది. మంచూ వానా మట్టిలోని అయోడిన్‌ను కడిగివేసే ఎత్తైన కొండప్రాంతాలలో పండే పంటలలో ఆ ఖనిజం బహు తక్కువగా ఉంటుంది. అది చాలనప్పుడు మెడలోని థైరాయిడ్ గ్రంథి ఉబ్బి గాయిటర్ అనే వాపు వస్తుంది, గర్భిణికి అయోడిన్ అందకపోతే పుట్టే బిడ్డకు చెవుడు, మూగతనం, బుద్ధిమాంద్యం దాపురిస్తాయి. టిబెట్ నుంచి వచ్చే ఉప్పులోనూ అయోడిన్ లేకపోవడంతో ఖుంబూలో ఈ జబ్బు ఇంటింటా కనిపించేది. విదేశాల నుంచి వచ్చి ఆసుపత్రిలో ఉండి పనిచేసిన స్వచ్ఛంద వైద్యులు, అయోడిన్ కలిపిన నూనెను కండరంలోకి సూదిమందుగా ఎక్కించారు. శరీరంలో నిలిచి కొద్దికొద్దిగా విడుదలయ్యే ఆ మందు ఒక్క మోతాదు కొన్నేళ్లపాటు పనిచేస్తుంది. తరువాతి కాలంలో ఆ లోపంతో పుట్టే బిడ్డలు అరుదైపోయారంటే, ఖరీదైన యంత్రమేదీ లేకుండా ఒక సూదిమందు ఒక తరాన్ని కాపాడిందన్నమాట.

అయితే మేలు కోరి చేసిన పనులన్నీ మేలుగానే మిగలలేదు. కట్టబోయే ఆసుపత్రి సామగ్రిని కాఠ్మాండూ నుంచి రోజుల తరబడి మోసుకురావలసిన శ్రమ తగ్గించడానికి 1964లో లుక్లాలో రైతుల పొలాలు కొని విమానాలు దిగే దారి వేశారు; నేల గట్టిపడటానికి షేర్పాలు చేయిచేయి పట్టుకుని దానిపై పాదాలతో తాళం వేస్తూ నాట్యం చేశారు. ఆ దారి వెంటే యాత్రికులు వచ్చారు, వారి వంటకూ వెచ్చదనానికీ కట్టెలు కావలసివచ్చాయి, కొండవాలు అడవులపై ఒత్తిడి పెరిగింది. ఈ పరిణామంలో తన వంతు బాధ్యతను హిల్లరీ దాచుకోలేదు. అడవుల రక్షణకు జాతీయ ఉద్యానవనం కావాలన్న ప్రయత్నానికి ఆయన అండగా నిలిచారు, న్యూజిలాండ్ ప్రభుత్వం తోడ్పడింది, 1976లో సాగరమాథా జాతీయ ఉద్యానవనం ఏర్పడింది, మొక్కల నర్సరీలు వెలిశాయి. ఖుమ్‌జుంగ్ బడిలో తొలినాళ్లలో చదువుకున్న మింగ్మా నోర్బు షేర్పా, న్యూజిలాండ్‌లో శిక్షణ పొంది వచ్చి ఆ ఉద్యానవన పర్యవేక్షకుడయ్యారు. మళ్లీ వెళ్లే అలవాటే లేకుంటే ఈ తప్పును గుర్తించేవారూ, దిద్దేవారూ ఉండేవారు కారని గట్టిగా చెప్పవచ్చు.

1975లో ఫాప్లు అనే ఊరిలో మరో ఆసుపత్రి నిర్మాణంలో ఉన్న హిల్లరీని కలుసుకోవడానికి బయలుదేరిన ఆయన భార్య లూయిజ్, కుమార్తె బెలిండా కాఠ్మాండూ వద్ద విమాన ప్రమాదంలో మరణించారు. అంతటి దుఃఖంలోనూ ఆ పని ఆగలేదు, 2008లో కన్నుమూసేవరకు ఖుంబూతో ఆయన బంధం తెగలేదు.

ఇటువంటి సేవను తూచవలసిన అసలు తూనిక విదేశీయుల అవసరం ఏ మేరకు తగ్గిందన్నదే. ఖుందే ఆసుపత్రికి దశాబ్దాల పాటు విదేశీ వైద్యులే వంతులవారీగా వచ్చేవారు. ఖుమ్‌జుంగ్ బడిలోనే చదివి, అదే ఆసుపత్రిలో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసి, ఆపైన ఫిజీలో వైద్యవిద్య పూర్తిచేసిన కామి తెంబా షేర్పా తరువాత దాని బాధ్యతలు చేపట్టారు.