రష్యా మందుల బేరం: గిరాకీకి లోటు లేదు, చెల్లింపే చిక్కు

బహదూర్‌పల్లి: సుచిత్ర నుంచి గండిమైసమ్మకు పోయే రోడ్డు మీది ఈ ఊరికి ఒక పక్క జీడిమెట్ల, మరొక పక్క బాచుపల్లి. రెండూ మందుల తయారీకి పేరుపడిన చోట్లు. ఈ ప్రాంతపు సరుకుకు రష్యా పాత ఖాతాదారు. కాని ఆ ఖాతాలో ధర కుదరడం ఒక ఎత్తు, డబ్బు చేతికి రావడం మరొక ఎత్తు. సోవియట్ యూనియన్ విడిపోయిన తర్వాత ఈ వ్యాపారం నాలుగు సార్లు గట్టి దెబ్బ తిన్నది. నాలుగు సార్లూ రోగులు తగ్గలేదు, మందుల అవసరం తగ్గలేదు. చెదిరినది చెల్లింపు ఒక్కటే.

బాలానగర్‌లో మొదలు

ఈ సంబంధం అమ్మకంతో మొదలు కాలేదు, నేర్చుకోవడంతో మొదలయింది. 1961లో కేంద్ర ప్రభుత్వం ఐ.డి.పి.ఎల్. సంస్థను నెలకొల్పింది. సోవియట్ సాంకేతిక సహాయంతో బాలానగర్‌లో దాని సింథటిక్ డ్రగ్స్ కర్మాగారం వెలిసింది. అక్కడ పనిచేసిన కెమిస్టుల్లో పలువురు తర్వాత సొంత యూనిట్లు పెట్టుకున్నారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించిన కె. అంజిరెడ్డి కూడా అక్కడ ఉద్యోగం చేసినవారే. ప్రభుత్వ కర్మాగారం కాలక్రమాన మూతపడింది. అందులో పుట్టిన విద్య మాత్రం జీడిమెట్ల, బాచుపల్లి దాకా పాకింది. ఏ దేశం సహాయంతో ఇక్కడ మందుల తయారీ వేళ్లూనుకున్నదో, 1990ల మొదట్లో ఆ దేశానికే ఇక్కడి మాత్రలు ఎగుమతి కాసాగాయి. డాక్టర్ రెడ్డీస్ వారి ‘ఒమెజ్’ రష్యాలో ఇంటింటికీ తెలిసిన పేరయింది.

రూపాయి ఖాతా రోజులు

1953 డిసెంబరులో భారత-సోవియట్ వాణిజ్య ఒప్పందం కుదిరింది. తర్వాతి కాలంలో చెల్లింపులు రూపాయల్లోనే జరిగే ఏర్పాటు స్థిరపడింది. సోవియట్ వారు చమురు, యంత్రాలు, ఆయుధాలు ఇచ్చేవారు. వాటికి మనం చెల్లించిన రూపాయలు, రుణాల కిస్తీలు వారి ఖాతాలో జమ పడేవి. ఆ రూపాయలతోనే వారు ఇక్కడి తేయాకు, పొగాకు, తోళ్లు, బట్టలు, మందులు కొనేవారు. మందులకు మెడ్‌ఎక్స్‌పోర్ట్ అనే ఒకే ప్రభుత్వ సంస్థతో బేరం. కొనుగోలుదారు ప్రభుత్వమే, పూచీ కూడా ప్రభుత్వానిదే. ఎగుమతిదారుకు మారకం రేటు బెంగ లేదు, బాకీ మునుగుతుందన్న భయం లేదు.

1990-91లో మన ఎగుమతుల్లో దాదాపు 16 శాతం సోవియట్ యూనియన్‌కే పోయింది. 1991 డిసెంబరులో ఆ దేశమే లేకుండా పోయింది. ఆర్డర్లు పడిపోయేసరికి గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు వర్తకులకు ఒక్క కొనుగోలుదారును నమ్ముకోవడంలో ఉన్న ప్రమాదం తెలిసివచ్చింది. 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు పాత బాకీ లెక్క తేలింది. ఒక భాగం 12 ఏళ్లలో, మిగిలినది వడ్డీ లేకుండా 45 ఏళ్లలో తీర్చాలని ఒప్పందం. ఆ కిస్తీల రూపాయలు ఇక్కడి సరుకు కొనడానికే వినియోగం కావడంతో ఎగుమతులకు కొంత ఊపిరి వచ్చింది.

1998 దెబ్బ

ప్రభుత్వ సంస్థ స్థానంలో ప్రైవేటు డిస్ట్రిబ్యూటర్లు వచ్చారు. సరుకు అరువు మీద పోసాగింది. 1998 ఆగస్టు 17న రష్యా ప్రభుత్వం తన రుణ పత్రాల చెల్లింపు నిలిపివేసి, రూబుల్‌ను వదిలివేసింది. డాలరుకు 6 రూబుళ్లున్న రేటు ఏడాది ముగిసేసరికి 20 దాటింది. దీని అర్థం వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. 100 డాలర్ల బిల్లుకు 600 రూబుళ్లు సిద్ధం చేసుకున్న దిగుమతిదారు 2,000 పైగా తేవలసి వచ్చింది. సరుకు అప్పటికే మందుల షాపుల్లో పాత రేటుకు అమ్ముడుపోయింది. ఆ తేడా ఎవరు భరించాలన్నదే తగాదా.

2014లో క్రిమియా వ్యవహారం, చమురు ధరల పతనం కలిసి ఇదే కథను మళ్లీ నడిపాయి. ఆ డిసెంబరు 16న రష్యా కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును ఒక్కసారిగా 10.5 నుంచి 17 శాతానికి పెంచింది. రూబుళ్లలో అమ్మి రూపాయల్లో లెక్క చూసుకునే కంపెనీలకు, అమ్మకాలు పెరిగినా రాబడి తగ్గే పరిస్థితి ఏర్పడింది.

ఇప్పటి తిరకాసు

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ యుద్ధం మొదలయింది. పాశ్చాత్య దేశాలు విధించిన ఆంక్షల్లో మందులకు మినహాయింపు ఉన్నది. కాని డబ్బు తెచ్చే బ్యాంకుకు ఆ మినహాయింపు లేదు. ప్రధానమైన రష్యా బ్యాంకులను స్విఫ్ట్ నుంచి తొలగించారు. మార్చిలో డాలరుకు 120 దాటిన రూబుల్, జూన్‌లో 50ల్లోకి తిరిగివచ్చింది. నాలుగు నెలల్లో ఇంత ఊగిసలాట ఉంటే ఏ రేటుకు బిల్లు వేయాలో ఎవరికీ పాలుపోని స్థితి.

2022 జూలై 11న రిజర్వు బ్యాంకు రూపాయల్లో చెల్లింపునకు ప్రత్యేక వోస్ట్రో ఖాతాల ఏర్పాటు ప్రకటించింది. పాత రూపాయి ఖాతా తిరిగి వచ్చినట్లే కనిపించింది. తేడా ఒక్కటే: అప్పట్లో సోవియట్ వారు సంపాదించిన రూపాయలకు తగినంత సరుకు ఇక్కడ కొనేవారు. ఇప్పుడు కొనడం లేదు. 2024-25లో ఉభయ దేశాల వ్యాపారం సుమారు 6,870 కోట్ల డాలర్లు. ఇందులో మన ఎగుమతులు 488 కోట్ల డాలర్లే. అంటే ఒక డాలరు సరుకు అమ్మి 13 డాలర్ల సరుకు కొన్నట్లు లెక్క. కొన్నదానిలో అధిక భాగం ముడి చమురు. చమురు డబ్బు కొంత దిర్హమ్‌ల వంటి ఇతర కరెన్సీల్లో పోయినా, రూపాయలు పేరుకుపోయాయి. కోట్ల కొద్దీ రూపాయలున్నా వాడుకోలేకపోతున్నామని రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ 2023 మేలో గోవాలోనే చెప్పారు. 2025 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆ మిగులును ప్రభుత్వ సెక్యూరిటీల్లో పెట్టుకోవడానికి వీలు కల్పించింది. ఇది నిలవ డబ్బుకు వడ్డీ చూపే మార్గమే తప్ప సరుకు కదిలించే మార్గం కాదు.

అవతలి రాజకీయం

రూపాయలు అంతగా ఉంటే మందులు మరిన్ని ఎందుకు కొనరాదు? అక్కడి ప్రభుత్వ విధానం అడ్డు. దేశంలోనే మందులు తయారు కావాలన్నది రష్యా పట్టుదల. 2015 చివర వచ్చిన నిబంధన ప్రకారం, ప్రభుత్వ కొనుగోళ్లకు యురేసియన్ ఆర్థిక కూటమి దేశాల నుంచి ఇద్దరు టెండరు వేస్తే, మూడవవాడైన విదేశీయుని టెండరు పక్కకు పోతుంది. ఆస్పత్రి ఆర్డరు అందకపోతే మిగిలేది మందుల షాపుల మార్కెట్టు. ఆ కూటమితో స్వేచ్ఛా వాణిజ్య చర్చల విధివిధానాలపై 2025 ఆగస్టు 20న మాస్కోలో సంతకాలు జరిగాయి. 2030 నాటికి వ్యాపారం 10,000 కోట్ల డాలర్లకు చేరాలన్నది రెండు దేశాల లక్ష్యం. పుతిన్ 2025 డిసెంబరులో ఢిల్లీ వచ్చినప్పుడు కూడా ఇదే మాట. చర్చల్లో సుంకం ఒక్కటే చూసుకుని టెండరు నిబంధన వదిలేస్తే బాచుపల్లికి ఒరిగేది స్వల్పం.

ఇంకొక పక్క అమెరికా ఉన్నది. హైదరాబాదు మందులకు అతి పెద్ద గిరాకీ అక్కడిదే. రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుపై ఆ దేశం 25 శాతం అదనపు సుంకం వేసింది, మందులను మినహాయించింది. మినహాయింపు ఇచ్చిన చెయ్యి తీసివేయనూగలదు.

వర్తకులు చూసుకోవలసినవి

కొత్తగా ఈ బేరంలోకి దిగేవారు ధర కన్నా ముందు నాలుగు సంగతులు తేల్చుకోవడం మేలు. బిల్లు ఏ కరెన్సీలో? డబ్బు ఏ బ్యాంకు ద్వారా, ఆ బ్యాంకు మీద ఆంక్ష ఉన్నదా? అరువు ఎన్ని రోజులు? ఆ రోజుల్లో రూబుల్ పడిపోతే నష్టం ఎవరిది? సోవియట్ రోజుల్లో ఈ నాలుగింటికీ ప్రభుత్వమే జవాబు చెప్పేది. ఈనాడు ఎగుమతిదారే చెప్పుకోవాలి. పెద్ద కంపెనీ ఒక ఏడాది నష్టాన్ని ఇతర దేశాల రాబడితో పూడ్చుకోగలదు. జీడిమెట్లలో ఒకే షెడ్డుతో నడిచే చిన్న యూనిట్‌కు ఒక్క బిల్లు ఆగితే ముడిసరుకు వర్తకునికి చెల్లింపు ఆగుతుంది. గిరాకీ ఉన్నదన్న ఒక్క ధైర్యంతో సరుకు లోడు చేయడం, ఈ ఖాతాలో నాలుగు సార్లు తప్పని తేలిన లెక్క.